చప్పుడును తూచు కాంటా



సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టులో ధాన్యపు బస్తా కాంటా మీదికెక్కినపుడు రైతు దృష్టి అంతయు అది చూపు అంకె మీదనే యుండును. బస్తాకు అరకిలో చొప్పున తేడా వచ్చినచో వంద బస్తాలకు ఎంత నష్టమో అతడు వ్రేళ్ళ మీద లెక్కించి చెప్పగలడు. అందుచేతనే తూనికలు కొలతల శాఖవారు కాంటాలను పరీక్షించి ముద్ర వేయుదురు. ముద్ర లేని కాంటా మీద బేరము సాగరాదని చట్టము. మన చెవులలో పడు చప్పుడును తూచుటకు సైతము ఒక కాంటా కలదు. దానికిని ఇట్టి పరీక్ష, ఇట్టి ముద్ర అవసరమని మనలో ఎందరికి తెలియును? నేటి నా ప్రసంగము ఆ కాంటాను గూర్చియే.

ఆ పరికరమును ధ్వనిస్థాయి మాపకము అందురు. చేతిలో ఇముడునంతటి యంత్రము, కొనయందు చిన్న మైక్రోఫోను, ముఖమున అంకెలు. మన ప్రాంతమున దీని అవసరము నానాటికి పెరుగుచున్నది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగును. ఒకప్పుడు 9వ నంబరు రహదారియనిన ఈ మార్గమునకే. నేడది 65వ నంబరు. రేయింబవళ్ళు లారీలు, బస్సులు దానిపై నడచుచుండును. ఇక మిర్యాలగూడ సంగతి. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము నుండి కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఎడమ కాలువ క్రింద వరి విస్తరించినది. వరితో పాటు బియ్యపు మిల్లులును వెలసినవి. జల్లెడలు, దంపుడు యంత్రములు, పాలిషు యంత్రములు, బస్తాల కెత్తు ఎలివేటర్లు, ఊక నెగజిమ్ము బ్లోయర్లు—ఇవన్నియు ఏకకాలమున తిరుగుచుండగా ప్రక్కవాని మాట వినబడవలెనన్న గొంతెత్తి అరవవలసినదే.

మిల్లులు ఊరికి అన్నము పెట్టుచున్నవి. వాటిని నిందించుట నా యుద్దేశము కాదు. మిల్లు ప్రక్కన నివసించువాడు "రాత్రి నిదుర పట్టుట లేద"నును. యజమాని "ఇది నియమములకు లోబడిన చప్పుడే" యనును. ఈ తగవు తీర్చువాడెవరు? మాటకు మాట బదులు కాదు, అంకె కావలెను. ఆ అంకె నిచ్చు యంత్రమే తప్పు చెప్పినచో, ఇరువురిలో ఒకరికి అన్యాయము తప్పదు.

చట్టము చెప్పు అంకెలను మొదట చూతము. 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నియంత్రణ నియమముల ప్రకారము ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు పగలు, తక్కినది రాత్రి. నివాస ప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించరాదు. వ్యాపార ప్రాంతమున 65, 55. పారిశ్రామిక ప్రాంతమున 75, 70. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు నూరు మీటర్ల వరకు ప్రకటించు నిశ్శబ్ద ప్రాంతమున 50, 40. చప్పుడు ఈ పరిమితిని 10 డెసిబెల్లు గాని, అంతకు మించి గాని దాటినపుడు ఎవరైనను అధికారికి ఫిర్యాదు చేసికొనవచ్చును. అనగా నివాస ప్రాంతమున రాత్రివేళ 55 డెసిబెల్లు వచ్చినచో ఫిర్యాదునకు బలము చేకూరును. నిజమైన స్థాయి 55.5 అయి, పరికరము 2 డెసిబెల్లు తక్కువ చూపునది యైనచో, కాగితముపై పడునది 53.5. నిదుర లేని యింటివాడు కొలత చూపించుకొని, ఓడి, ఇంటికి పోవలసి వచ్చును. పరికరము 2 డెసిబెల్లు ఎక్కువ చూపునదైనచో, నియమము తప్పని మిల్లు యజమాని సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును.

"రెండు డెసిబెల్లే కదా!" యని తేలికగా తీసికొనరాదు. డెసిబెల్లు కిలోల వలె కూడునవి కావు. ఒక యంత్రము 90 డెసిబెల్ల చప్పుడు చేయుచుండగా అట్టిదే మరియొకటి నడిపించినచో మొత్తము 180 కాదు, 93 మాత్రమే. అనగా 3 డెసిబెల్లు పెరిగినదన్న ధ్వనిశక్తి రెండింతలైనదని అర్థము. 10 పెరిగినచో పదింతలు. 2 డెసిబెల్ల తేడా యన్న శక్తిలో నూటికి సుమారు 58 వంతుల తేడా. అర డెసిబెల్లు కూడ నూటికి 12 వంతులు. బస్తా తూకములో నూటికి 12 కిలోల తరుగును ఏ రైతు సహించును?

ఈ కొలమానమున సున్నయనగా 20 మైక్రోపాస్కలుల ఒత్తిడి. ఆరోగ్యవంతమైన చెవి మధ్యస్వరమున వినగల కడు సన్నని చప్పుడు ఇంచుమించుగ అది. దానికి యాబదివేల రెట్లు పెద్దదైన ఒత్తిడి ఒక పాస్కలు, డెసిబెల్లలో 94. ఈ 94 అను అంకెను గుర్తుంచుకొనుడు. దానితో మనకు పని యున్నది. చెవి అన్ని స్వరములను సమానముగ వినదు కావున, మంద్రస్వరముల బరువును తగ్గించి చూపు ఏర్పాటొకటి పరికరములో నుండును. దానిని 'ఏ' తూకమందురు. చట్టములోని అంకెలన్నియు ఆ తూకముననే.

పరికరమునకు ప్రాణము మైక్రోఫోను. 1910ల చివరి భాగమున అమెరికాలో వెంటి యను శాస్త్రజ్ఞుడు కండెన్సరు మైక్రోఫోనును రూపొందించెను. నేటికిని మేలైన ధ్వనిమాపకములలో ఆ సూత్రమే పనిచేయుచున్నది. మిక్కిలి పలుచని పొర యొకటి, దాని వెనుక లోహపు పలక యొకటి. రెంటి నడుమ ఎడము తలవెంట్రుక మందమంత యైనను లేదు. ధ్వని తాకగనే పొర కంపించును, ఎడము మారును, దానితో విద్యుత్తు మారును. ఇంతటి సున్నితమైన అంగము ఎండకు, తేమకు, దుమ్మునకు, క్రిందపడిన దెబ్బకు చలించుటలో వింత లేదు. కావుననే దానిని మాటిమాటికి పరీక్షింపవలెను.

పరీక్షకు తూకపురాయి వంటిదొకటి కావలెను. కాంటా సరిగా నున్నదో లేదో తెలియుటకు ముద్ర పడిన కిలోరాయిని దానిపై నుంచి చూతుము కదా! చప్పుడునకు అట్టి రాయియే కాలిబ్రేటరు. అది గుప్పెడంత పరికరము. దాని రంధ్రములో మైక్రోఫోనును బిగువుగా దూర్చి మీట నొక్కినచో, సెకనునకు 1000 కంపనముల పౌనఃపున్యముతో, సరిగా 94 డెసిబెల్ల నాదమును పలికించును. కొన్నింటిలో 114 డెసిబెల్లకు మార్చుకొను వీలును గలదు. వేయి కంపనముల వద్ద 'ఏ' తూకము కూడ ఏమియు తీసివేయదు. కావున ఏ తూకములో చూచినను అంకె ఒకటియే రావలెను. పిస్టన్ ఫోను అనునది మరియొక విధమైన రాయి. అందు చిన్న ముషలకములు ఆడుచు సెకనునకు 250 కంపనములతో 124 డెసిబెల్ల నాదము నిచ్చును. దానిని 'ఏ' తూకములో చూచినచో 115.4 మాత్రమే కనబడును. అది లోపము కాదు, మంద్రస్వరమునకు ఆ తూకము 8.6 డెసిబెల్లు తగ్గించుటయే కారణము. పిస్టన్ ఫోను నాదము గాలి ఒత్తిడిని బట్టి మారును కనుక, వాయుభారమాపకమును చూచి సవరణ చేసికొనవలెను.

ఇపుడు పరీక్షించు విధానమును చెప్పెదను. మొదటిది: పరికరమును కాలిబ్రేటరును కొలుచు తావునకు కొనిపోయి, అక్కడి వేడికి అలవాటు పడువరకు కొంతసేపు నీడలో నుంచవలెను. చల్లని గదిలో నుండియో కారులో నుండియో తీసి వెంటనే కొలిచినచో మైక్రోఫోను పై తేమ పట్టవచ్చును. రెండవది: బ్యాటరీలను చూడవలెను. మూడవది: మైక్రోఫోనును కాలిబ్రేటరులో నిటారుగా, గాలి సందు లేకుండ దూర్చి, నాదము నిలకడ చెందువరకు ఆగవలెను. నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది: అంకెను చూడగనే సవరింపరాదు. మొదట దానిని పుస్తకములో వ్రాయవలెను. తరువాతనే మీట త్రిప్పవలెను. ఎందుకనగా పరికరము నిన్నటి నుండి నేటివరకు ఎంత చలించినదో ఆ మొదటి అంకెయే చెప్పును. దానిని వ్రాయక సరిచేసినచో సాక్షిని పంపివేసి విచారణ జరిపినట్లగును.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. ఆరుబయట కొలుచుటకై చేసిన మైక్రోఫోనును కాలిబ్రేటరు ఇరుకు గదిలో నుంచినపుడు, 94కు బదులు 93.8 ప్రాంతమున రావలెనని తయారుదారులు చెప్పుదురు. ఏ మైక్రోఫోనునకు ఎంత సవరణయో దానితో వచ్చు పుస్తకమున నుండును. అది చూడక బలవంతముగ 94కు త్రిప్పువాడు, సరియైన పరికరమును తన చేతులారా తప్పుదారి పట్టించినవాడగును.

మిల్లు లోపల నిలిచి ఈ పరీక్ష చేయుట మంచిది కాదు. చుట్టునున్న చప్పుడు తొంబదికి చేరినపుడు అందు కొంత రంధ్రములోనికి చొరబడి 94తో కలియును. బయటకు వచ్చి చేయవలెను. వీలు కానిచో 114 నాదమును వాడవలెను. ఆ రెండవ స్థాయి ఉండుటకు గల ప్రయోజనములలో ఇదియు నొకటి.

కొలత ముగిసిన పిమ్మట మరల కాలిబ్రేటరును తగిలించి చూడవలెను. ఇది చాలమంది మరచునట్టిది. మొదట వచ్చిన అంకెకును చివర వచ్చిన అంకెకును తేడా అర డెసిబెల్లు లోపలనున్నచో కొలత చెల్లును. అంతకు మించినచో, వెనుకటి మంచి పరీక్ష తరువాత తీసికొనిన కొలతలన్నింటిని త్రోసివేయవలెనని పరిసర ధ్వనిని గూర్చిన అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. నాలుగు గంటలు ఎండలో నిలిచి వ్రాసిన అంకెలను కొట్టివేయుట కష్టమే. కాని ఆ తేడా ఏ గంటలో వచ్చినదో చెప్పగలవారెవరు?

ఎండ యనినంతనే మన జిల్లాల సంగతి వేరుగ చెప్పవలెను. ధ్వనిమాపకములకు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘమువారు 2002లో 61672 అను ప్రమాణమును వెలువరించి 2013లో సవరించిరి. అందు రెండు తరగతులు. మొదటి తరగతి పరికరము సున్నకు క్రింద 10 డిగ్రీల నుండి 50 డిగ్రీల వేడి వరకు సరిగా పనిచేయవలెను. రెండవ తరగతిది సున్న నుండి 40 డిగ్రీల వరకు మాత్రమే. వైశాఖ జ్యేష్ఠములలో సూర్యాపేటలో గాని, మిర్యాలగూడలో గాని మధ్యాహ్నపు వేడి 40 డిగ్రీలు దాటుట అందరమెరిగినదే. అట్టి వేళ రోడ్డు ప్రక్కన రెండవ తరగతి పరికరమును పట్టుకొని కొలుచువాడు, ఆ పరికరము మాట యిచ్చిన హద్దును దాటి దానిచేత పని చేయించుచున్నాడన్న మాట. ఉదయముననో సాయంకాలముననో కొలుచుట, లేక మొదటి తరగతి పరికరమును వాడుట—ఈ రెంటిలో ఒకటి చేయవలెను.

నిలకడ యనునది ఒక దినముతో తేలునది కాదు. ఆ ప్రమాణమే అరగంట సేపు ఎడతెగక నడిపినపుడు మొదటి తరగతి పరికరము 0.1 డెసిబెల్లు, రెండవ తరగతిది 0.3 డెసిబెల్లు కంటె ఎక్కువ చలింపరాదని చెప్పుచున్నది. ఇది తయారీనాటి పరీక్ష. నెలల తరబడి నిలకడను తెలిసికొనుటకు మాత్రము మనము వ్రాసికొను పుస్తకమే సాధనము. తేది, వేళ, వేడిమి, సవరణకు ముందరి అంకె, సవరణ తరువాతి అంకె—ఈ అయిదును ప్రతిసారియు వ్రాయవలెను. 93.8, 93.9, 93.8, 93.7, 93.8 అని సాగినచో ఆ పరికరము నమ్మదగినది. అది నిలకడ గల మనిషి నాడి వంటిది. 93.8, 93.7, 93.5, 93.4 అని ఒకే దిక్కుగా జారుచున్నచో మైక్రోఫోను ముదురుచున్నదని గాని, తేమ చేరినదని గాని అనుమానింపవలెను. నిన్నటివరకు 93.8 చూపి నేడు ఒక్కసారిగా 92.6 చూపినచో అది దెబ్బ తగిలిన గుర్తు. అట్టిదానిని మీట త్రిప్పి సరిచేసి వాడుట, విరిగిన కాలికి కొత్త చెప్పు తొడుగుట వంటిది. పరికరమును పరీక్షాశాలకు పంపవలెను.

ఒక ప్రశ్న పుట్టవచ్చును: అంకె జారినపుడు తప్పు పరికరముదా, కాలిబ్రేటరుదా? రాయియే అరిగినచో కాంటాను నిందించి లాభమేమి? ఇద్దరి నడుమ తగవు తీరవలెనన్న మూడవవాడు కావలెను. ఒకే కాలిబ్రేటరుతో రెండు ధ్వనిమాపకములను పరీక్షింపుడు. రెండును ఒకే దిక్కుగా, ఒకే కొలతగా జారినచో దోషము కాలిబ్రేటరునందున్నదని అనుమానింపవచ్చును. ఒకటి నిలిచి ఒకటి జారినచో దోషము జారిన పరికరముదే. రెండవ పరికరము లేనివారు రెండవ కాలిబ్రేటరును తెచ్చి చూడవచ్చును.

ఇంతయు చేసినను కాలిబ్రేటరు చెప్పునది ఒక్క స్వరమును గూర్చి, ఒకటి రెండు స్థాయిలను గూర్చి మాత్రమే. మిల్లులలో తవుడు, ఊక దుమ్ము ఎగయుచుండును. మైక్రోఫోనులో గాలి ఒత్తిడిని సరిచేయు సన్నని రంధ్రమొకటి యుండును. అది పూడినచో వేయి కంపనముల వద్ద అంకె సరిగా వచ్చినను, బ్లోయరు మంద్ర గర్జనలో తప్పు రావచ్చును. అదే విధముగ 94 వద్ద సరియైనది 45 వద్దనూ సరియైనదని హామీ లేదు. కావుననే కాలిబ్రేటరును ఏడాదికొకసారి, ధ్వనిమాపకమును రెండేండ్లకొకసారి గుర్తింపు పొందిన పరీక్షాశాలలో పూర్తిగ చూపించుట ఆచారము.

ఆ పరీక్షాశాలకు రాయి యెక్కడిది? ఈ గొలుసు క్రొత్తఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వరకు పోవును. 1947 జనవరి 4న జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిరి. 1950 జనవరి 21న సర్దార్ వల్లభభాయి పటేలు ప్రారంభించిరి. అక్కడి పద్ధతి మిక్కిలి చమత్కారమైనది. మూడు మైక్రోఫోనులను తీసికొని, జతలు జతలుగా ఎదురెదురుగ నుంచి, ఒకటి పలుకగా రెండవది వినునట్లు చేయుదురు. విద్యుత్తును, పొడవును, గాలి ఒత్తిడిని కొలిచి, ఆ మూడింటి శక్తిని లెక్కగట్టుదురు. ముందుగా తెలిసిన చప్పుడు ఏదియు అక్కరలేదు. మిర్యాలగూడలో ఒక మిల్లు గోడ ప్రక్కన చూచిన అంకె, చేయి చేయి మారి, తుదకు అక్కడికి చేరవలెను. గొలుసులో ఒక్క కొక్కెము ఊడినను ఆ అంకెకు తల్లిదండ్రులు లేనట్లే.

పరికరము తప్పు చెప్పినచో ఎక్కువ నష్టపోవువాడు మిల్లు లోపల పనిచేయు కార్మికుడు. మన దేశపు కర్మాగార నియమములలో దినమునకు 8 గంటలకు 90 డెసిబెల్లు హద్దు. 95 అయినచో 4 గంటలు. 100 అయినచో 2 గంటలు మాత్రమే. పాలిషు యంత్రము ప్రక్కన నిజమైన స్థాయి 91 యనుకొందము. 2 తక్కువ చూపు పరికరము 89 అని చెప్పును. కాగితముపై అంతయు సవ్యము. ఆ కాగితమును నమ్మి చెవులకు రక్షణ నీయరు. పని గంటలు తగ్గింపరు. లోపలి చెవిలోని సన్నని రోమకణములు ఒకసారి నశించినచో మరల పుట్టవు. ఆ చెవుడు ఒక్కనాట రాదు, నొప్పి యుండదు. మొదట సెకనునకు 4000 కంపనముల ప్రాంతపు స్వరములు పోవును. పసిపిల్లల సన్నని పలుకులు, తలుపు గంట, మాటలలోని స, శ వంటి అక్షరములు—ఇవి మెల్లగా మసకబారును. ఇంటివారు "మా నాన్న పిలిచిన పలుకడు" అనుకొందురే గాని, కారణము మిల్లులోనున్నదని తెలియదు. దానికి మందు లేదు.

మరియొక తావు చూడుడు. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లిలో పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేండ్లకొకసారి జరుగును. డోళ్ళ చప్పుడు, గజ్జెల మ్రోత అక్కడి శోభ. వాటిని కాదనువారు లేరు. ధ్వనివర్ధకములకు మాత్రము హద్దు కలదు. బహిరంగ స్థలపు సరిహద్దు వద్ద అక్కడి పరిమితికి పైన 10 డెసిబెల్లు గాని, 75 గాని, రెంటిలో ఏది తక్కువయో అది మించరాదు. రాత్రి 10 దాటిన పిమ్మట వాడరాదు. పండుగలకు ఏడాదికి 15 దినములు మించకుండ ప్రభుత్వము అర్ధరాత్రి వరకు అనుమతి నీయవచ్చును. గుట్టమీద గాలి వీచును. గాలి తగిలినచో మైక్రోఫోను తనంత తానే గుర్రుమనును. దానికి నురుగు బంతి తొడుగు వేసి కొలువవలెను. తొడుగు లేని కొలత జాతరను కాదు, గాలిని కొలుచును.

నేడు పలువురి చేతులలో సెల్‌ఫోనులున్నవి. వాటిలో చప్పుడును చూపు ఉపకరణములును గలవు. ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ యని పోల్చుటకు అవి పనికివచ్చును. కాని ఫోను మైక్రోఫోను మాటలకై చేసినది. పెద్ద చప్పుడు వచ్చినపుడు తనంత తానే దానిని అణచివేయును. కాలిబ్రేటరులో దూర్చి పరీక్షించు వీలును సాధారణముగ నుండదు. న్యాయము కోరి పోవువాడు దానిపై ఆధారపడరాదు.

మీ వీధిలో గాని, మీ మిల్లులో గాని ఎవరైన వచ్చి చప్పుడును కొలిచినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ పరికరమును, దాని కాలిబ్రేటరును పరీక్షాశాల చూచి ఎంతకాలమైనది? నేడు కొలుచుటకు ముందు కాలిబ్రేటరుపై వచ్చిన అంకె యెంత? కొలిచిన తరువాత వచ్చిన అంకె యెంత? మర్యాదగా అడుగుడు, పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు, పుస్తకము తెరచి చూపును. ఇల్లు మిల్లు ప్రక్కనున్నవారికి ఈ హక్కు ఎంత కలదో, మిల్లు యజమానికిని అంతే కలదు; యంత్రము ప్రక్కన నిలుచు కార్మికునికి అందరి కంటె ఎక్కువ కలదు. బియ్యము తూచు కాంటాకు ముద్ర అడుగుట మనకు అలవాటైనట్లే, చప్పుడును తూచు కాంటాకును అడుగుట అలవాటు కావలెను.